కౌలు బీరకాయలు

బీరకాయను చూసి పారిపోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. కోదాడలో పెద్ద ఎరువుల దుకాణం ఆయనది. మెడలో గొలుసు, చేతికి కడియం, బజారులో నడుస్తుంటే నలుగురూ లేచి నమస్తే పెట్టే మనిషి. అంతటివాడు ఒక ముసలమ్మ చేతిలో బీరకాయల సంచి చూసి యూరియా బస్తాల వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. మొన్న రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు నా బల్ల దగ్గరికి దస్తావేజు రాయించుకోవడానికి ఒకాయన వచ్చి, "మా ఇంటి కాయలు సార్, లేతవి" అంటూ నాలుగు బీరకాయలు నా ముందు పెట్టాడు. నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. పాపం, ఆయన చిన్నబుచ్చుకున్నాడు. నాకు గుర్తొచ్చింది మా కాలనీ పెద్దమ్మ అని ఆయనకు ఎక్కడ మొదలుపెట్టి చెప్పను?

ఆమె పేరు అడగకండి. ఉండే ఉంటుంది, ఆధార్ కార్డులో కూడా ఉంటుంది. కానీ మా కాలనీలో ఆ పేరు పలికినవాళ్లు లేరు. అందరికీ పెద్దమ్మే. పెన్షన్ తీసుకుంటున్న తాసిల్దారు సారు కూడా పెద్దమ్మా అనే పిలిచేవాడు. ఆమె ఆయన భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచి "ఏం కొడుకా" అనేది. మంచి మాటైనా చెడ్డ మాటైనా ముందు భుజం మీద చరిచిన తర్వాతే. ఆయన ఆ దెబ్బకు తూలి, మళ్లీ మురిసిపోయేవాడు.

మాది సూర్యాపేటలో కొత్తగా లేచిన కాలనీ. నేను ఇల్లు కట్టుకున్న నాటికి ఇళ్ల కంటే ఖాళీ ప్లాట్లే ఎక్కువ. కొన్నవాళ్లలో ఒకరు కోదాడలో, ఒకరు మిర్యాలగూడలో, మిగతావాళ్లు ఎక్కడెక్కడో. హద్దురాళ్లకు సున్నం పూసి, 'ఈ స్థలం అమ్మబడదు' అని బోర్డు పాతి, రేటు పెరిగే దాకా అటువైపు చూడకుండా పోయారు. వాళ్లు పోగానే సర్కారు తుమ్మ వచ్చింది. తుమ్మ వెనకాల చెత్త, చెత్త వెనకాల పందులు, ఆ తర్వాత సాయంత్రాలు సీసాలు పట్టుకొని కూర్చునే పెద్దమనుషులు. మా ఇంటి పక్క ప్లాటు ఆ కోదాడాయనదే. ఆ వాసనకు నా భార్య అటువైపు కిటికీకి మేకులు కొట్టించింది. ఇల్లు కట్టించుకున్నది గాలి కోసం, కట్టించుకున్నాక గాలి రాకుండా మేకులు.

ఒకరోజు పొద్దున్నే ఆ ప్లాట్లో గడ్డపార చప్పుడు. గోడ మీది నుంచి చూస్తే, సన్నగా పొడుగ్గా ఒక ముసలమ్మ తుమ్మ మొద్దుతో పెనుగులాడుతోంది. కొంగు తల మీదుగా కప్పుకొని, దాని మీద మనవడి క్రికెట్ టోపీ పెట్టుకుంది. వీధి చివరింట్లో కిరాయికుండే టీచరమ్మకు తల్లి అని తర్వాత తెలిసింది. వేములపల్లి దగ్గర పల్లె. సెంటు భూమి లేదు. బతుకంతా ఒకరి పొలంలో కూలి, ఇంకొకరి మెట్ట చెల్క కౌలు. భర్త పోయాక కూతురు తీసుకొచ్చి, "ఇగ కూసోని తినమ్మా" అందట. కూర్చోవడం ఆమెకు చేతకాని పని.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఖాళీ జాగాలో గడ్డపార దిగిందంటే అది కబ్జాయేనని నా వృత్తి నాకు నేర్పింది.

"ఏయ్, ఎవరమ్మా నువ్వు? ఎవరి ప్లాటనుకున్నవ్ అది?" అని అరిచాను.

"గదే అడుగుదామని సూస్తున్న బిడ్డా. ఎవరిది?"

"కోదాడాయనది."

"మంచోడేనా?"

"నాకేం తెలుసు?"

"కౌలు ఎంత అడుగుతడు?"

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "ఇది ఇంటి జాగ. దీనికి కౌలు గిట్ల ఏముండదు" అన్నాను.

ఆమె గడ్డపార కింద పెట్టి నావైపు జాలిగా చూసింది. "భూమికి కౌలు లేకుంట ఉంటదా? ఏం సదువుకున్నవ్ బిడ్డా నువ్వు?" అని, కౌలు కూడా తానే తేల్చేసింది. పంటను మూడు కుప్పలు పెట్టాలి. రెండు చేసినవాళ్లకు, ఒకటి ఆసామికి. ఆసామి ఎవరో, ఎట్లా ఉంటాడో, తన జాగాలో పంట ఉందని ఆయనకు తెలుసో తెలియదో అనవసరం.

తుమ్మ పీకేసి, గాజుపెంకులు ఏరి, విత్తనం పెట్టేరోజు ఆమె ప్లాటు నడుమ మోకాళ్ల మీద కూర్చొని గట్టిగా ప్రార్థన చేసింది. గోడకివతల బ్రష్ నోట్లో పెట్టుకున్న నాకు ప్రతి మాటా వినబడింది. "ప్రభువా, ఈ చెల్క ఆసామిని సల్లగ సూడు. ఆయన పేరు నాకెర్క లేదు, నీకెర్కే. కోదాడల ఉంటడంట. ఆయన పిల్లజెల్లను సల్లగ సూడు. ఎలుకలను జర దూరం పెట్టు. ఆమేన్."

ఆ ప్లాటుకు 'కోదాడ చెల్క' అని పేరు పెట్టింది. పక్కన మిర్యాలగూడ ఆయన ప్లాటు కొంచెం పల్లం, మంచినీళ్ల ప్లాంటు వాళ్లు వదిలేసే నీళ్లు వచ్చి నిలిచేవి. అది 'మిర్యాలగూడ మడి'. రెండు వందల గజాల చొప్పున ఉన్న జాగాలకు చెల్కలు, మడులు! మొదట అందరం నవ్వాం. ఏడాది తిరిగేసరికి మా ఆవిడ గ్యాస్ బండి వాడికి ఫోన్లో "కోదాడ చెల్క దాటినంక ఎడమ దిక్కు" అని చెబుతోంది. వాడు కూడా సరిగ్గా వస్తున్నాడు.

ఆమెకు ఇంకో చాదస్తం. ఎవరి ప్లాటుకూ అడ్డంగా నడిచేది కాదు. ఎంత ఖాళీగా ఉన్నా సరే, హద్దురాళ్ల వెంట చుట్టూ తిరిగి వచ్చేది. "గట్టు మీదికెళ్లి నడవాలె" అనేది. అక్కడ గట్టు ఏదీ? లేదు. లేని గట్టు మీద ఆమె జాగ్రత్తగా ఒక పాదం ముందు ఒక పాదం వేస్తూ వచ్చేది. అడ్డంగా నడిచేవాళ్లను వెనక్కి పిలిచి మళ్లీ నడిపించేది. చివరికి పాలవాడు, కరెంటు బిల్లు కొట్టేవాడు, ప్రచారానికొచ్చిన నాయకుడు కూడా ఆ లేని గట్టు మీదే నడిచారు.

పని చేయించడంలో ఆమెకు మొహమాటం లేదు. మా కాలనీలో షుగరూ బీపీ ఉన్న మగవాళ్లందరం డాక్టరు మాట విని పొద్దున్నే వీధుల్లో చేతులూపుకుంటూ తిరిగేవాళ్లం. ఆమె రోజూ చూసి చూసి ఒకనాడు మధ్యలో నిలబడి ఆపింది. "ఏమయ్యా, ఏమన్న పోగొట్టుకున్నరా? రోజూ దేవులాడుతున్నరు?"

"వాకింగ్ పెద్దమ్మా. ఒంటికి మంచిది" అన్నాడు తాసిల్దారు సారు.

"తిరిగేటోళ్లు ఊకె తిరుగుడెందుకు కొడుకా? గీ బకీటు వట్టుకొని తిరుగు" అని భుజం మీద ఒక్కటి చరిచింది.

అంతే. మర్నాటి నుంచి నీళ్ల ప్లాంటు పైపు దగ్గర బకెట్లతో వరుసలో నిలబడ్డాం. ఒక తాసిల్దారు, ఒక బ్యాంకు మేనేజరు, ఒక దస్తావేజుల రాయసగాడినైన నేను, ఒక వకీలు. రోడ్డున పోయేవాళ్లు మా కాలనీలో నీళ్లకు ఇంత కరువొచ్చిందా అని బాధపడి వెళ్లేవారు. ఆడవాళ్లు కూరగాయల తొక్కలు, బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి ఆమెకు చూపించి మరీ పోసేవాళ్లు. చూపించకపోతే లెక్కలోకి రావు.

పందులు పోయాయి. సీసాల పెద్దమనుషులు ఇంకో కాలనీ వెతుక్కున్నారు. మా ఆవిడ కిటికీ మేకులు పీకించింది. మురికి కాలువ కోసం మాటలు బందైన రెండు ఇళ్ల వాళ్లకు పెద్దమ్మ ఒకే మిరప సాలు అప్పజెప్పింది. అంతకుముందు మాట్లాడుకోని వాళ్లు ఇప్పుడు రోజూ పొద్దున్నే పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. పోట్లాటలోనే ఒకరి కూతురికి జ్వరమని ఇంకొకరికి తెలిసింది, ఆటో తెచ్చి దవాఖానకు తీసుకుపోయింది వాళ్లే. వచ్చాక మళ్లీ పోట్లాడుకున్నారు.

ఇదంతా బాగానే ఉంది. గొడవంతా కోదాడ చెల్కలో బీర తీగ కాపుకొచ్చినప్పుడు వచ్చింది. పందిరి నిండా లేత కాయలు వేలాడుతున్నాయి. కాలనీ ఆడవాళ్లు సంచులు పట్టుకొని వచ్చారు. పెద్దమ్మ కర్ర పట్టుకొని పందిరి ముందు నిలబడింది.

"ఆసామి భాగం పోకముందు ఒక్క కాయ ముట్టిన్రంటే మర్యాద దక్కదు" అంది.

"ఆయన అడిగిండా పెద్దమ్మా?" అంది మా ఆవిడ.

"అడిగితె ఇచ్చేది బిచ్చం బిడ్డా. అడగకముందు ఇచ్చేది కౌలు."

సరే, ఇచ్చేస్తే పోతుంది కదా అనుకున్నాం. కానీ మా కాలనీలో ఒక వకీల్ సాబ్ ఉన్నాడు. మాతోపాటు రోజూ బకెట్ మోసినవాడే, ఆమె చేతి దెబ్బ భుజం మీద తిన్నవాడే. అయినా ఆయనకు భయం పుట్టింది. ప్లాట్ల ఓనర్లు నలుగురు ఆయనకు క్లయింట్లు. అందరికీ ఫోన్లు చేశాడు. "జర సమజ్ చేసుకోండి. ఆ ముసలామె మీకు కౌలు పంపుతది. ముట్టొద్దు. ఒక్క కాయ ముట్టిన్రంటే ఆమె కౌలుదారని మీరు ఒప్పుకున్నట్టే. ఇగ ఆమెను లేపాల్నంటే కోర్టుల చుట్టు తిరిగి చెప్పులరిగిపోతయ్. నేను చెప్పేది చెప్పిన."

నలభై ఏళ్లు దస్తావేజులు రాసినవాణ్ని, నాకు తెలుసు, ఇళ్ల ప్లాటుకు బీరకాయ కౌలేమిటి, ఏ కోర్టూ నమ్మదు. ఆ మాటే చెప్పాను. "నువ్వు రాసేటోనివి, నేను వాదించేటోన్ని" అన్నాడు వకీల్ సాబ్. మిర్యాలగూడ ఆయన ఆ రోజు నుంచి ఫోనే ఎత్తలేదు. పెద్దమ్మ ఆ మడి పంటలో ఆయన భాగాన్ని మూటగట్టి ఆయన హద్దురాయి మీద పెట్టింది. మేక వచ్చి తినేసింది. "ఆయన భాగం ఆయన జాగల పెట్టిన. మేకకు పెట్టుకుంటడో మనిషికి పెట్టుకుంటడో ఆయనిష్టం" అని ఆ మడి కాపు అందరికీ పంచేసింది.

కోదాడ భాగం మాత్రం తానే తీసుకుపోతానంది. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయిన కొత్త రోజులు. ఆ రోజు నాకు కోదాడలో పనుండి నేను కూడా అదే బస్సెక్కాను. ఆమె కిటికీ పక్కన కూర్చొని, సంచి ఒళ్లో పెట్టుకొని, కాయలు నలగకుండా దారంతా దాని మీద చెయ్యి వేసి ఉంచింది. మంచి చీర కట్టుకుంది. టోపీ ఇంట్లోనే వదిలేసింది.

దుకాణం నిండా రైతులు. పెద్దమ్మ చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లి, "కోదాడ ఆసామివి నువ్వేనా బిడ్డా? నీ చెల్క కౌలు దెచ్చిన" అంది.

అప్పుడే ఆయన యూరియా బస్తాల వెనక్కి పోయాడు. అక్కడి నుంచి తల మాత్రం బయటికి పెట్టి, "ఎవరూ ఆ సంచి ముట్టుకోకండి! రేయ్, గల్లా మీద పెట్టనివ్వకండ్రా!" అని గుమాస్తాలను కేకలేశాడు. గుమాస్తాలు సంచిలో ఏముందోనని రెండడుగులు వెనక్కి వేశారు. రైతులు కూడా వెనక్కి జరిగారు. ఒక పెద్దాయన వంగి సంచిలోకి చూసి, "బీరకాయలే గదండీ" అన్నాడు. అయినా ఎవరూ ముందుకు రాలేదు.

"అది కాదమ్మా, నాకు కౌలొద్దు. కొంటాను. రేటు చెప్పు, ఇచ్చేస్తాను" అన్నాడు ఆయన బస్తాల వెనక నుంచే.

"నీ భూమిల కాయ నీకెట్ల అమ్ముత బిడ్డా? పాపం కాదా?"

"అయితే పట్టుకుపో!"

"నీ భాగం నేనెట్ల పట్కపోత?"

వకీలు ముట్టొద్దన్నాడని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. రైతుల్లో సగం మంది తీసుకోమంటారు, సగం మంది వకీలు చెప్పినట్టు వినమంటారు. పెద్దమ్మ సంచి అక్కడే గుమ్మంలో పెట్టి దండం పెట్టి వచ్చేసింది. మేం సూర్యాపేట బస్సెక్కి కూర్చున్నాం. బస్సు కదులుతుండగా ఒక గుమాస్తా స్కూటర్ మీద వెంటపడి, సంచిని చేతికర్ర కొసకు తగిలించుకొని, కిటికీలోంచి మా ఒళ్లో పడేసి వెళ్లిపోయాడు. ఆ సంచిని చేత్తో ముట్టుకోవడానికి వాడికీ ధైర్యం లేకపోయింది.

నేను కడుపుబ్బ నవ్వాను. నవ్వుతూ పక్కకు చూస్తే పెద్దమ్మ కొంగు కళ్లకద్దుకుంటోంది.

"బతుకంత ఒకల భూములనే చేసిన బిడ్డా. కరువొచ్చిన ఏడు గూడ చెవుల కమ్మలమ్మి కౌలు గట్టిన. నన్ను దొంగ అన్నోడు లేడు. ఇయ్యాల గాయన నా దిక్కు సూసిండు సూడు, దొంగను సూసినట్టే సూసిండు."

నేను నవ్వు ఆపి సంచి నా ఒళ్లోకి తీసుకున్నాను.

ఆ రోజు నుంచి కోదాడ చెల్క పంట ఎవరూ కోయకూడదని ఆర్డరైంది. మిర్యాలగూడ ఆయన ఫోను ఎత్తలేదు, అంతే. ఈయన వద్దన్నాడు. వద్దన్న తర్వాత తింటే అది దొంగతిండి అని ఆమె లెక్క. ఆడవాళ్లు బతిమాలారు, కూతురు కోప్పడింది, చర్చి పాస్టరు గారితో కూడా చెప్పించారు. వినలేదు. కాలనీ మొత్తం గోడల మీద చేతులు పెట్టుకొని ఆ లేత బీరకాయలు ముదరడం చూస్తూ కూర్చున్నాం. ముదిరాయి, పీచు కట్టాయి, పందిరి మీదనే ఎండి గాలికి గలగలమన్నాయి. మా ఆవిడ బజారు నుంచి వాడిపోయిన బీరకాయలు కొనుక్కొని, ఆ పందిరి పక్కనుంచే తెచ్చుకుంటుంటే నాకు వకీలు మీద ఒళ్లు మండిపోయేది. ఆమె మాత్రం తీగకు నీళ్లు ఆపలేదు. "గాయన మీద అలిగితె తీగ మీద అలుగుతమా?" అనేది.

కోదాడాయన భయం కూడా అక్కడితో ఆగలేదు. వకీల్ సాబ్ ఇంకో సలహా ఇచ్చాడు. పంట మొత్తం దున్నించి, చుట్టూ ప్రహరీ కట్టించేస్తే పీడా పోతుందని. ఒక ఆదివారం చర్చి వదిలే వేళకు జేసీబీ వచ్చి నిలబడింది. వెనకాలే కారు. కారులో ఆయన, ఆయన తల్లి. ఆమెను మోకాళ్ల నొప్పులకు సూర్యాపేట దవాఖానకు తీసుకుపోతూ దారిలో ఈ పని కూడా పెట్టుకున్నాడట.

కాలనీ మొత్తం రోడ్డు మీదికి వచ్చింది. బకెట్ల మగవాళ్లం జేసీబీకి అడ్డంగా నిలబడ్డాం. మిరప సాలు శత్రువులిద్దరూ చేతులు చేతులు పట్టుకున్నారు. అంతలో పెద్దమ్మ తెల్ల చీరలో బైబిలు చంకన పెట్టుకొని వచ్చి మమ్మల్నే తిట్టింది.

"జరుగున్రి! ఆయన భూమి ఆయన దున్నుకుంటడు, మీకేం నొప్పి? నాకు మాత్రం ఏం హక్కున్నది?" అని, జేసీబీ డ్రైవరుకు తానే చెయ్యి చూపించింది. "గా మూలకెళ్లి మొదలుపెట్టు కొడుకా. గీడ మెత్తగుంటది, బండి దిగబడతది."

మేం నోళ్లు తెరుచుకొని నిలబడ్డాం. ఆమె కోదాడాయన వైపు తిరిగింది. "దున్నుకో బిడ్డా. గని నీ భాగం దీస్కొని దున్ను. కౌలు నెత్తి మీద ఉంచుకోని నేను సావలేను."

"నాకొద్దని చెప్పానా లేదా!" అన్నాడాయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకొని. అలా కట్టుకోమన్నది కూడా వకీలే అని నా అనుమానం.

జేసీబీ ఇంజన్ ఆగిపోయింది. డ్రైవరు కిందికి దిగాడు. పెద్దవూర వైపు పల్లె మనిషి. "కౌలు దీస్కోకుంట పంట మీద బండెక్కియ్య సార్. మా ఇంట్ల తెలిస్తె నాకు అన్నం గూడ పెట్టరు" అని బీడీ వెలిగించుకొని హద్దురాయి మీద కూర్చున్నాడు.

అప్పుడు కారు తలుపు తెరుచుకుంది. ఆయన తల్లి మోకాళ్లు పట్టుకొని మెల్లగా దిగింది. "ఏంట్రా ఇంతసేపు?" అంది. ఎవరో విషయం చెప్పారు. ఆమె విన్నది. విని కొడుకు వైపు చూసిన చూపుకు, నేనైతే ఆ యూరియా బస్తాలు ఎక్కడున్నాయా అని వెతుక్కునేవాణ్ని.

"మీ నాన్న కౌలు గింజలు కొలిచి పోస్తేనేగా నువ్వింతవాడివైంది? గుమ్మంలోకొచ్చిన పంటని వద్దన్నావా? ఎవడు నేర్పాడ్రా నీకీ బుద్ధి?"

"వకీలు గారమ్మా... ముట్టుకుంటే..."

వకీల్ సాబ్ అప్పటికే బ్యాంకు మేనేజరు వెనక్కి చేరాడు.

ఆమె కొడుకును పక్కకు నెట్టి, పెద్దమ్మ ఎదురుగా నిలబడి కొంగు రెండు చేతులతో పట్టింది. "ఇందులో పొయ్యి వదినా" అంది.

పెద్దమ్మ పందిరి దగ్గరికి వెళ్లింది. అక్కడ ఉన్నవి ఎండిన బీర పీచులు, తీగ కొసన రెండు మూడు లేత కాయలు. అన్నీ కోసి మూడు కుప్పలు పెట్టింది. ఒక కుప్ప తెచ్చి ఆ కొంగులో పోసింది. గలగలమని చప్పుడయ్యింది. "విత్తనానికి మంచివి" అంది ఆ తల్లి. ఇద్దరు ముసలమ్మలూ నీడలో చతికిలబడి, ఎవరి మోకాలు ఎప్పటి నుంచి నొప్పో చెప్పుకోవడం మొదలుపెట్టారు. దవాఖాన సంగతి ఇద్దరూ మరిచిపోయారు.

"ఖతం. సంతకం కన్న గట్టిగ అయిపోయింది" అని గొణిగాడు వకీల్ సాబ్. కిరాయికి తెచ్చిన జేసీబీ ఊరికే పోవద్దని పెద్దమ్మ దానితో మిర్యాలగూడ మడిలో మిగిలిన తుమ్మ మొద్దులన్నీ పీకించింది. కోదాడాయనే పక్కన నిలబడి ఏ మొద్దు తర్వాత ఏ మొద్దో చూపించాడు.

ఆ తర్వాత ప్రతి కాపుకూ కోదాడకు సంచి వెళ్లేది. కండక్టర్లకు అలవాటైపోయింది. ఆయన ప్రహరీ మాట మళ్లీ ఎత్తలేదు. ఆమె ఎప్పుడూ సంతోషంగా ఉన్నానని నోటితో చెప్పే మనిషి కాదు. కానీ కోదాడ సంచి కట్టే పూట భుజం మీద చరిచే దెబ్బ కొంచెం గట్టిగా తగిలేది.

పోయిన వానాకాలం మొదట్లో, రెండు జల్లులు పడ్డాక, బెండకు సాళ్లు తీసి ఇంటికొచ్చి పడుకున్న మనిషి లేవలేదు. నేను ఏడ్చాను. దాచేదేముంది? నా తల్లి పోయినప్పుడు కూడా అంత ఏడవలేదని మా ఆవిడ అంటుంది. క్రైస్తవుల శ్మశానంలో మట్టి వేసి వచ్చాక, కాలనీ వాళ్లం తోట మేం చూసుకుంటామని టీచరమ్మకు మాటిచ్చాం. మాట ఇవ్వడం సులువు. ఎవరు ఏ సాలు చూడాలో తేల్చుకోవడానికి వాట్సాప్ గ్రూపులో పోట్లాడుకునేసరికి గడ్డి మోకాలి దాకా వచ్చింది. ఒక పంది వచ్చి చూసి వెళ్లింది.

ఒకరోజు కోదాడ నుంచి ఫోన్. "ఏంటండీ, ఈసారి కాయలింకా రాలేదు? మా అమ్మ రోజూ అడుగుతోంది."

విషయం చెప్పాను. ఆయన ఒక్కసారిగా కోపంగా, "నాకు చెప్పరా అండీ? ఆసామికి చెప్పరా?" అన్నాడు. నిజమే, ముందు ఆయనకే చెప్పాల్సింది.

ఆ ఆదివారం కారు వచ్చి ఆగింది. తల్లిని నీడలో కుర్చీలో కూర్చోబెట్టి, ఆయన ప్యాంటు మడతపెట్టి చెల్కలోకి దిగాడు. రాష్ట్రంలో సగం పంటలకు మందులు చెప్పే మనిషికి గడ్డపార పట్టుకోవడం రాదు. తల్లి కుర్చీలోంచి తిడుతూ నేర్పింది. అరచేతులు బొబ్బలెక్కి, మళ్లీ ఆదివారం గుడ్డ చుట్టుకొని వచ్చాడు. కాలనీ మగవాళ్లం సిగ్గుపడి బకెట్లు పట్టుకున్నాం. సాళ్లు వంకరగా వచ్చాయి. అయినా బెండ కాసింది.

కోత రోజు ఆయన కాయలు మూడు కుప్పలు పెట్టాడు. పెట్టి, మూడో కుప్ప ముందు కూర్చుండిపోయాడు.

"భూమి మీది, చాకిరి మీది. ఇగ భాగం ఎవరికి సార్?" అన్నాడు వకీల్ సాబ్.

"అదే తెలియట్లేదండీ. కానీ భాగం పోకుండా తినబుద్ధి కావట్లేదు" అన్నాడాయన. కొంచెంసేపు తల గోక్కుని, కుప్ప సంచిలోకి ఎత్తుకొని లేచాడు. హద్దురాళ్ల వెంట చుట్టూ తిరిగి టీచరమ్మ ఇంటికి నడిచాడు. నేనూ వెంట వెళ్లాను.

టీచరమ్మ గేటు తీసింది. సంచి చూసి, "ఏంది సార్ ఇది?" అంది.

"కౌలమ్మా" అన్నాడు ఆయన.

"మీ భూమికి మీరు కౌలు తెచ్చుడేంది సార్?"

"భూమి నాదేనమ్మా. చెల్క మీ అమ్మగారిది" అన్నాడు.

టీచరమ్మ వెంటనే చెయ్యి చాపలేదు. సంచిలో పైకి కనబడుతున్న బెండకాయలనే చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా అమ్మ బతికినన్ని రోజులు అందరిండ్లకు కౌలు మోసింది సార్. మా గుమ్మానికి కౌలు తెచ్చింది మీరొక్కరే" అని రెండు చేతులూ చాపి సంచి అందుకుంది.